ఎదుటి జట్టు ఉంటేనే ఆట

నిజామాబాద్ బస్టాండ్ దగ్గర ఎవరినైనా ఆపి, ఈ జిల్లా క్రీడాకారుల పేర్లు చెప్పమనండి. నిఖత్ జరీన్ పేరు మొదట వస్తుంది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ కిరీటం గెలిచిన అమ్మాయి కాబట్టి ఆ స్థానం ఆమెదే. ఆ వెంటనే బాక్సర్ హుసాముద్దీన్, హాకీ క్రీడాకారిణి సౌందర్య, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ. ఫుట్‌బాల్ దగ్గరికొచ్చేసరికి కాస్త ఆలోచించి, "ఆ... సౌమ్య ఉంది కదా" అంటారు.

ఆలోచించాల్సినంత చిన్న పేరు కాదది. గుగులోత్ సౌమ్య 2024-25 సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే ఉత్తమ మహిళా క్రీడాకారిణి పురస్కారం అందుకుంది. అదే సీజన్‌లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడింది. అంతకుముందు 2022లో క్రొయేషియాకు వెళ్లి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకు సంతకం చేసింది. మన జిల్లా నుంచి యూరప్ క్లబ్బుకు ఆడడానికి వెళ్లడమంటే మామూలు సంగతా? అయినా ఆమె ఆడుతుంటే ఊళ్లో ఏ హోటల్ టీవీ ముందూ గుంపు కనపడదు. నిఖత్ తండ్రి కూడా ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడినవాడేనన్న సంగతి ఊళ్లో చాలామందికి తెలియదు.

ఇప్పుడు ఈ మాటలు ఎందుకంటే, ఏటా వానాకాలం వెళ్లి చలి మొదలయ్యే రోజుల్లో విశ్వవిద్యాలయాల్లో అంతర్ కళాశాలల పోటీల హడావుడి ఉంటుంది. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా కాలేజీలకు డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. పట్నం వైపు నుంచి గిరిరాజ్ ప్రభుత్వ కళాశాల, చెరకు వైపు నుంచి బోధన్ ప్రభుత్వ డిగ్రీ కళాశాల. రెండు ఊళ్ల మధ్య దూరం పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఒకే విశ్వవిద్యాలయం, ఒకే రోడ్డు, నిన్నమొన్నటి దాకా ఒకే రైలు పట్టాల శాఖ. ఫుట్‌బాల్‌లో ప్రత్యర్థులు కావడానికి ఇంతకంటే ఏం కావాలి? కావలసింది ఒక్కటే, అదే మన దగ్గర లేదు. అదేమిటో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

హైదరాబాద్ ఫుట్‌బాల్ అనగానే సయ్యద్ అబ్దుల్ రహీం పేరు చెప్పుకుంటాం. 2024లో అజయ్ దేవగణ్‌తో 'మైదాన్' సినిమా వచ్చాక ఆయన కథ కొత్తతరానికీ తెలిసింది. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణాలు, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. మూడింటికీ భారత జట్టు కోచ్ ఆయనే. అయితే సినిమాలో కోచ్ కనపడినంతగా బడిపంతులు కనపడడు. రహీం ఉస్మానియాలో చదువుతూ విశ్వవిద్యాలయం జట్టుకు ఆడినవాడు. తర్వాత పాఠశాలల్లో పాఠాలు చెప్పాడు, వ్యాయామ విద్యలో పట్టా తెచ్చుకుని పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నాడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా పనిచేశాడు. నన్నడిగితే ఆ కార్యదర్శి పనే అన్నిటికంటే పెద్దది.

ఎందుకంటే ఆయన పిల్లలకు పోటీలు పెట్టేవాడు. అవి మామూలు పోటీలు కావు. డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి అన్న షరతుతో ఒక టోర్నమెంట్. వాటం లేని కాలితోనే తన్నాలి అన్న షరతుతో ఇంకొకటి. ఎత్తు కొలిచి, పొట్టి పిల్లలను పొట్టి పిల్లలతోనే ఆడించే పోటీ మరొకటి. ఒక్కసారి ఊహించుకోండి. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లవాడు, కుడికాలి వాటం వాడు. పోటీలో కుడికాలు తగిలితే ఫౌల్. మొదటి రోజు బంతి ఎటో పోతుంది, ప్రేక్షకులు నవ్వుతారు. సీజన్ చివరికి వాడికి రెండు కాళ్లూ కుడికాళ్లే. డ్రిబ్లింగ్ వద్దన్న పోటీలో ఆడినవాడికి బంతి వచ్చేలోపే ఎవరికివ్వాలో చూసుకోవడం అలవాటవుతుంది. ఇవాళ కోట్లు పెట్టి విదేశీ కోచ్‌లను తెచ్చుకుని నేర్చుకుంటున్న సంగతిని ఆయన రూల్స్ కాగితం మీద రెండు ముక్కలు మార్చి నేర్పాడు.

1950లో రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఏడాది మొదలు 1954 దాకా, వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఆ జట్టుదే. కలకత్తా మొహున్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా పట్టుకొచ్చింది. 1956-57, 1957-58ల్లో హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మరోసారి గెలిచాం. ఆ తర్వాత ఆ కప్పు తెలుగు నేలకు తిరిగి రాలేదు.

సికింద్రాబాద్ అమ్ముగూడలో పేదింట పుట్టిన తులసీదాస్ బలరామ్‌ను మైదానానికి రప్పించడానికి సైకిల్ అద్దె డబ్బులు రహీమే ఇచ్చాడని చెబుతారు. ఆ బలరామ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, రహీం కొడుకు హకీం, జుల్ఫికరుద్దీన్, ఆ తర్వాత నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. ఒక్క నగరం నుంచి ఇంతమంది అంటే గాలివాటుగా జరిగిందా? కాదు. సిటీ పోలీస్‌కు ఎదురుగా సైన్యం వారి ఈఎంఈ సెంటర్ ఉండేది. రైల్వే ఉండేది, ఆల్విన్ ఉండేది, స్టేట్ బ్యాంక్ ఉండేది. బాగా ఆడే కుర్రవాడికి ఉద్యోగం ఇచ్చి జట్టులో పెట్టుకునేవాళ్లు ఒకరికి నలుగురుండేవారు. కింద బడి, దాని మీద కాలేజీ, ఆ పైన ఉద్యోగపు జట్టు. ప్రతి మెట్టు మీదా ఎదుటి జట్టు ఉంది. వాళ్లతో ఎప్పుడు తలపడాలో ముందే తెలుసు. రహీం ప్రతిభ గురించి రాసేవాళ్లు ఈ మెట్ల గురించి రాయరు.

ఆ రోజుల్లో నిజామాబాద్ కాలేజీలన్నీ ఉస్మానియా పరిధిలోవే. 2006లో డిచ్‌పల్లిలో విశ్వవిద్యాలయం వచ్చేదాకా అదే లెక్క. ఇక్కడి కుర్రవాడు విశ్వవిద్యాలయం జట్టులో చోటు కోరుకుంటే హైదరాబాద్ వెళ్లి అక్కడి కాలేజీ కుర్రాళ్లతో పోటీ పడాలి. దూరాభారం, ఖర్చు. గెలిచినా ఓడినా ఆ మ్యాచ్ ఊళ్లో ఎవరి కంటా పడదు. తన ఊరి ముందు, తన ఊరి కోసం ఆడే మ్యాచ్ ఆ లెక్కలో లేదు.

ఇక బోధన్ సంగతి. 1923లో మొదలుపెట్టి 1931కల్లా మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆ ప్రాజెక్టు ఇంజనీరు. కాలువ నీళ్లు పారిన నల్లరేగడిలో చెరకు వచ్చింది. చెరకు వెంట 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని బోధన్ పిల్లలు పుస్తకంలో చదవకముందే ఇంట్లో వినేవారు. ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ లేచింది. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, క్లబ్బు, జానకంపేట నుంచి బోధన్ దాకా రైలు శాఖ. కోస్తా నుంచి వచ్చిన రైతులు వర్ని, కోటగిరి, రుద్రూరు వైపు క్యాంపులు వేసుకుని స్థిరపడ్డారు. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కోస్తా యాస, బంజారా మాట ఒకే సంతలో వినపడే ఊరది. క్రషింగ్ మొదలైతే చెరకు బండ్ల వరస రోడ్డు పొడవునా నిలబడేది. పొగగొట్టం నుంచి వచ్చే మొలాసిస్ వాసన ఊరి గడియారం. ఆ వాసన ముక్కుకు తగిలితే పండగలూ పెళ్లిళ్లూ దగ్గరపడ్డట్టే.

ఫ్యాక్టరీ కాలనీ ఉన్న చోట సాయంత్రం షిఫ్టు దిగిన మనిషికి ఖాళీ సమయం ఉంటుంది, నెలజీతం ఉంటుంది, ఖాళీ జాగా ఉంటుంది. దేశంలో ఎక్కడ చూసినా పారిశ్రామిక ఊళ్లే ఆటల ఊళ్లయ్యాయి. జంషెడ్‌పూర్ అట్లా అయింది. గోల్డెన్ రాక్, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలు అట్లా అయ్యాయి. బోధన్‌కు కూడా ఆ దారి తెరిచే ఉంది. కానీ ఫ్యాక్టరీ ఖాతాల్లో నష్టాలు పెరిగి, 2002లో ప్రభుత్వం మెజారిటీ వాటాను ప్రైవేటు సంస్థకు ఇచ్చి ఉమ్మడి కంపెనీ చేసింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ నోటీసు అంటించారు. బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడుచోట్లా యంత్రాలు ఆగిపోయాయి. అంతకు ముందే నిజామాబాద్ దగ్గర సారంగాపూర్ సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. రైతు చెరకు వదిలి వరికి, సోయాకు మళ్లాడు. తెరుస్తామన్న మాట ప్రతి ఎన్నికకూ వినపడుతూనే ఉంది.

ఫ్యాక్టరీ మూతపడితే ఉద్యోగం పోతుంది, అది అందరూ చెప్పేదే. ఊరికి ఒక జట్టు పెట్టగల శక్తి కూడా పోతుంది, అది ఎవరూ లెక్కగట్టరు. జెర్సీలు కొనేవాడు, రిఫరీకి చాయ్ పోయించేవాడు, మ్యాచ్ రోజు తొందరగా షిఫ్టు వదిలేసే మేనేజరు, వీళ్లంతా ఒక్కసారే మాయమవుతారు. హైదరాబాద్‌లోనూ జరిగింది ఇదే. ఆల్విన్ లాంటి సంస్థలు పోయాయి, క్రీడాకారులకు ఉద్యోగాలివ్వడం ఆగింది. ఆడేవాళ్లు అంతకు ముందు నుంచే కలకత్తా రైలెక్కుతున్నారు. హబీబ్ 1966లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మొహున్ బగాన్ 2-2తో నిలిచినప్పుడు గోల్ కొట్టినవారిలో అతనొకడు. మన పిల్లవాడి గొప్పతనం మనం బెంగాలీ పత్రికల్లో చదువుకున్నాం. నిన్నమొన్న 2021-22లో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, ఆ తర్వాత మూడేళ్లకే ఊరూ పేరూ మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. కప్పు గెలిచిన జట్టు కూడా ఊళ్లో నిలవలేదంటే, పునాది ఎంత పలచనైందో చూడండి.

ఇందులో తమాషా ఒకటుంది. 1950ల్లో బలరామ్, 1960ల్లో హబీబ్, ఇప్పుడు మన సౌమ్య. ముగ్గురూ ఈస్ట్ బెంగాల్ ఎరుపు పసుపు చొక్కా వేసుకున్నవాళ్లే. కలకత్తాకు మన వాళ్ల మీద అంత ప్రేమ ఎందుకు? ప్రేమ కాదు, అవసరం. అక్కడ మొహున్ బగాన్ ఉంది కాబట్టి ఈస్ట్ బెంగాల్‌కు మంచి ఆటగాడు కావాలి. ఈస్ట్ బెంగాల్ ఉంది కాబట్టి మొహున్ బగాన్‌కు అంతకన్నా మంచివాడు కావాలి. ఆ రెండూ తలపడే డెర్బీకి వారం ముందు నుంచే చేపల బజారులో పందేలు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస, మొహున్ బగాన్ గెలిస్తే రొయ్య. అవును, మన గోదావరి పులసే, వాళ్లకది ఇలిష్. మ్యాచ్ కంటే ముందు మ్యాచ్ గురించిన మాటే ఆ ఊరిని నడిపిస్తుంది.

అమెరికాలో ఈ ముందుమాటల వ్యవహారం ఇంకా ముదిరింది. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్‌లో బంతి ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది కాబట్టి మనవాళ్లు మొదట తికమకపడతారు గానీ, నిజామాబాద్, ఆర్మూర్, బోధన్ నుంచి ఎమ్మెస్ చదువులకు వెళ్లిన పిల్లలు రెండో ఏడాదికే కాలేజీ రంగు టీషర్టు వేసుకుని స్టేడియానికి పరిగెడతారు. 1869 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ విద్యార్థులు జట్టుకు 25 మంది చొప్పున ఆడిన మ్యాచ్‌తో ఆ ఆట మొదలైందంటారు. రట్గర్స్ 6-4తో గెలిచింది. మిషిగన్, ఒహాయో స్టేట్ జట్లు మొదటిసారి తలపడింది 1897లో. నవంబర్ చివర్లో రెగ్యులర్ సీజన్‌కు ఆఖరి మ్యాచ్‌గా ఆ రెండూ ఎదురుపడడం 1935 నుంచి ఆనవాయితీ. లక్షమందికి పైగా పట్టే స్టేడియం నిండుతుంది. పోటీ పడే కాలేజీలను కాన్ఫరెన్స్‌లుగా కట్టడం వల్ల ఏటా ఎవరు ఎవరితో ఆడాలో ముందే తేలిపోతుంది.

అక్కడా ఒక బోధన్ కథ ఉంది. టెక్సాస్ విశ్వవిద్యాలయం, టెక్సాస్ ఏ అండ్ ఎం జట్లు 1894 నుంచి శత్రువులు. ఏ అండ్ ఎం వేరే కాన్ఫరెన్స్‌కు మారడంతో 2011 తర్వాత మ్యాచ్ ఆగిపోయింది. వందేళ్లకు పైబడిన పోటీ ఒక ఆఫీసు నిర్ణయంతో పోయింది. ఆ తర్వాత టెక్సాస్ కూడా అదే కాన్ఫరెన్స్‌లో చేరడంతో 2024 నవంబర్ 30న మళ్లీ తలపడ్డారు, టెక్సాస్ 17-7తో నెగ్గింది. 13 ఏళ్ల పాటు ఆ రెండు కాలేజీలూ వేరే జట్లతో బ్రహ్మాండంగానే ఆడాయి. డబ్బుకు కొదవ లేదు, ఆటగాళ్లకు కొదవ లేదు. లేనిదల్లా ఎదుటి జట్టు.

మన దగ్గరికి వద్దాం. విశ్వవిద్యాలయాల పోటీలకు ఒక నిచ్చెన ఉంది. అంతర్ కళాశాలల పోటీల్లో మెరిసినవాళ్లతో విశ్వవిద్యాలయం జట్టు కడతారు. ఆ జట్టు సౌత్ జోన్‌కు వెళుతుంది. జోన్‌లో ముందున్నవి అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీకి, అంటే సర్ ఆశుతోష్ ముఖర్జీ పేరున ఉన్న ట్రోఫీకి పోటీపడతాయి. కాగితం మీద చక్కగానే ఉంది. కింది మెట్టు దగ్గరే తకరారు. సాధారణంగా మన దగ్గర ఈ పోటీ రెండు మూడు రోజుల నాకౌట్. ఓడితే ఇంటికి. కాలేజీ జట్టు నోటీసు వచ్చాక పుడుతుంది, ఓడిన సాయంత్రమే చచ్చిపోతుంది. సగం జట్లు ఏడాదికి ఒక్క మ్యాచ్ ఆడి సర్టిఫికెట్ పట్టుకుని బస్సెక్కుతాయి. ఒక్క మ్యాచ్‌తో ఎవడు ఆటగాడవుతాడు? సౌమ్య పరుగుపందేల నుంచి ఫుట్‌బాల్‌లోకి వచ్చిన అమ్మాయి. ఆ వేగాన్ని ఆటగా మార్చింది ఏళ్ల తరబడి ఆడిన వందల మ్యాచ్‌లే.

ఈ ఏడు గిరిరాజ్ జట్టూ బోధన్ జట్టూ ఎదురుపడితే చూడవలసినవి చెబుతాను. ముందు నేల చూడండి. బోధన్ వైపు రేగడి వానలు ఆగిన నెలకే గట్టిపడి నెర్రెలు తీస్తుంది. అలాంటి చోట నేలబారు పాస్ నమ్ముకుంటే బంతి మోకాలి ఎత్తున లేస్తుంది. ఆ నేల మీద పెరిగినవాడికి ఆ లేపు తెలుసు, ఛాతీతో ఆపి కిందికి దించుతాడు. పట్నం కుర్రాళ్లు ఇరుకు గల్లీల్లో ఆడి వచ్చినవాళ్లు, కాళ్ల మధ్య బంతి దాచుకోవడంలో ఘనులు. వాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు, బంతి వదలకపోవడం. రహీం సాబ్ డ్రిబ్లింగ్ వద్దన్న పోటీ పెట్టింది ఇలాంటి వాళ్ల కోసమే. బంతి ఎక్కడుందో అందరూ చూస్తారు, మీరు బంతి లేని వింగర్ ఎక్కడున్నాడో చూడండి. కాలేజీ మ్యాచ్‌ల్లో మొదటి ఇరవై నిమిషాలు ఇరవైమందీ బంతి వెంటే గుంపుగా పరిగెడతారు. ఆ గుంపు నుంచి ముందుగా ఏ జట్టు విడిపోయి మైదానం వెడల్పంతా పరుచుకుంటుందో, నా లెక్కలో గెలుపు దానిదే. రెండో సగం చివర్లో ఊపిరి ఎవరికి మిగులుతుందన్నది ఇంకో లెక్క. పొలం పని చేసి కాలేజీకి వచ్చే కుర్రాళ్లు ఏ జట్టులో ఎక్కువుంటే ఆఖరి పదిహేను నిమిషాలు ఆ జట్టువి. పందెం కాయమంటే, నేల బోధన్‌దైతే బోధన్, నిజామాబాద్‌లో ఆడితే గిరిరాజ్. చెరో చోట ఒకటి ఆడితేనే అసలు ఎవరు గట్టో తేలుతుంది.

అమ్మాయిల పోటీని అబ్బాయిల పోటీకి ముందు ఎండలో ముగించే అలవాటు కూడా మానుకోవాలి. ఈ జిల్లాకు ప్రపంచంలో పేరు తెచ్చినవాళ్లలో అమ్మాయిలే ఎక్కువ. 2025 జూలైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డమీదే 2-1తో ఓడించి భారత మహిళల జట్టు ఆసియా కప్‌కు అర్హత సాధించింది. ఆ అర్హత పోటీలకు వెళ్లిన జట్టులో నిజామాబాద్ అమ్మాయి ఉంది. అలాంటప్పుడు సాయంత్రం చల్లపూట, జనం వచ్చే వేళ, వాళ్ల మ్యాచ్ పెడితే ఎవరికి నష్టం?

ఖర్చు పెద్దది కాదు. బోధన్ నుంచి నిజామాబాద్‌కు ఒక కాలేజీ బస్సు, తిరిగి ఇంకో వారం అటు నుంచి ఇటు ఒక బస్సు. రెండు జతల గోల్ వలలు, ఒక రిఫరీ, నీళ్ల క్యాన్లు. అబ్బాయిలకు రెండు మ్యాచ్‌లు, అమ్మాయిలకు రెండు. ఏటా అదే వారం. సంక్రాంతి సెలవులకు ముందు శనివారం అనుకుంటే ఊళ్లో ఉన్నవాళ్లూ, పండక్కి వచ్చినవాళ్లూ చూస్తారు. ప్రిన్సిపాళ్లూ, ఫిజికల్ డైరెక్టర్లూ, డిచ్‌పల్లి పెద్దలూ కూర్చుంటే ఒక పూటలో తేలే పని. ఫ్యాక్టరీ తెరవడం ప్రభుత్వాల చేతిలో ఉంది. మ్యాచ్ తేదీ వేయడం మన చేతిలోనే ఉంది. అయ్యా, ఆ తేదీ కాస్త ముందుగా ప్రకటించండి. ఆదివారం పేపర్లో ఎవరు గెలుస్తారో వాదించుకోవడానికి మాకూ ఒక వారం టైం ఇవ్వండి.